ఎల్లలు దాటే ఆరోగ్య కార్డు: దాని వెనక ఉన్న లెక్క

తాయెత్తుకీ ఆరోగ్య కార్డుకీ తేడా ఏమిటి? రెండూ అరచేతిలో పట్టేవే. ఆపదలో ఆదుకుంటాయని చెప్పి రెండిటినీ మన చేతికిస్తారు. రెండిటి మీదా సామాన్యుడికి అర్థం కాని రాతలుంటాయి. తాయెత్తు కట్టినవాణ్ణి మనం నిలదీస్తాం, రుజువు చూపమంటాం. కార్డు ఇచ్చినవాణ్ణి మాత్రం ఏమీ అడగం. ప్రభుత్వ ముద్ర ఉంది గదా అని జేబులో పెట్టుకుంటాం. తేడా ఉన్న మాట నిజమే. కార్డు పనిచేస్తుందా లేదా అని పరీక్షించవచ్చు, తాయెత్తు పరీక్షకు నిలవదు. అయితే ఆ పరీక్ష మనం చేస్తున్నామా?

నేను వైద్యుణ్ణి కాను, చరిత్ర పండితుణ్ణీ కాను. బి.కాం. చదివి, రక్షణ ఖాతాల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు చూసి రిటైరయినవాణ్ణి. మా బల్ల మీదకు ఏ కాగితం వచ్చినా మూడు ప్రశ్నలు వేసేవాళ్ళం. ఎవరు చెల్లించాలి? ఏ పద్దు కింద? ఎప్పటిలోగా? ఈ మూడింటికీ జవాబు లేని కాగితం ఎంత పెద్ద సంతకంతో వచ్చినా వెనక్కి పోయేది. ఊరు దాటినా, రాష్ట్రం దాటినా, దేశం దాటినా చెల్లే ఆరోగ్య కార్డుల చరిత్రను ఈ మూడు ప్రశ్నలతో చూద్దాం.

బొగ్గు గనుల్లో పుట్టిన హక్కు

ఈ చరిత్ర యూరప్‌లో మొదలయింది. అక్కడ ఒక దేశం నుంచి మరో దేశానికి సెలవు మీదో, పని మీదో వెళ్ళినవారికి జబ్బు చేస్తే యూరోపియన్ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తారు. స్థానికుడికి ఏ షరతుల మీద ప్రభుత్వ వైద్యం అందుతుందో అవే షరతుల మీద వారికీ అందుతుంది. ఇది పర్యాటకుల కోసం ఎవరో పుణ్యాత్ములు కనిపెట్టిన సదుపాయం అనుకుంటే పొరపాటు. దీని మూలాలు వలస కార్మికుల బతుకుల్లో ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బెల్జియంలో గనులున్నాయి, దిగే మనుషుల్లేరు. ఇటలీలో మనుషులున్నారు, పనుల్లేవు. 1946లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఇటలీ 50,000 మంది కార్మికులను పంపాలి, బెల్జియం బదులుగా బొగ్గు ఇవ్వాలి. మనుషులను ఇచ్చి బొగ్గు తెచ్చుకున్నారన్నమాట. 1956 ఆగస్టు 8న బెల్జియంలోని మార్సినెల్ గనిలో మంటలు లేచి 262 మంది చనిపోయారు. వారిలో 136 మంది ఇటాలియన్లు. పరాయి దేశంలో పనిచేసేవాడికి జబ్బు చేస్తే, గాయమైతే, ప్రాణం పోతే ఎవరు బాధ్యులు అనే ప్రశ్నను ఆ తర్వాత పక్కకు నెట్టడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఆరు దేశాల బొగ్గు ఉక్కు సమాజం అప్పటికే ఉంది. వలస కార్మికుల సాంఘిక భద్రత కోసం ఆ దేశాలు 1957 డిసెంబరులో రోమ్‌లో ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. అదే 1958లో యూరోపియన్ ఆర్థిక సమాజపు 3వ నంబరు రెగ్యులేషన్‌గా మారి, 1959 జనవరి 1 నుంచి అమలయింది. ఆ నంబరు గమనించండి. కొత్తగా ఏర్పడిన సమాజం చేసిన మొట్టమొదటి చట్టాల్లో ఇదొకటి. 1971లో దాని స్థానంలో 1408 నంబరు రెగ్యులేషన్ వచ్చింది. ప్రయాణానికి ముందు తీసుకెళ్ళే ఇ-111 అనే కాగితం ఫారం ఆ కాలపుదే.

ప్లాస్టిక్ కార్డు చివరగా వచ్చింది. 2002 మార్చిలో బార్సిలోనాలో కూడిన దేశాధినేతలు కాగితాలు తీసేసి కార్డు ఇవ్వాలని నిర్ణయించారు. 2004 జూన్ 1 నుంచి కార్డులు ఇవ్వడం మొదలుపెట్టి, 2006 జనవరి నాటికి అన్ని సభ్య దేశాల్లోనూ పూర్తి చేశారు. రెగ్యులేషన్ వచ్చిన 1958కీ, కార్డు వచ్చిన 2004కీ మధ్య 46 ఏళ్ళు. అంటే ముందు లెక్క కుదిరింది, కార్డు ఆ తర్వాత వచ్చింది. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, మన దేశానికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

అక్కడ లెక్క ఎలా తీరుతుంది

ఆ కార్డు మీద ఏముంటుంది? పేరు, పుట్టిన తేదీ, వ్యక్తిగత నంబరు, బీమా సంస్థ నంబరు, కార్డు నంబరు, గడువు తేదీ. రోగం వివరాలేవీ ఉండవు. అది ఒక పూచీకత్తు. "ఈ మనిషి ఖర్చు మా ఖాతాలో రాసుకోండి" అని ఒక దేశపు సంస్థ ఇంకో దేశపు సంస్థకు చెప్పే మాట.

ఒక పోలండ్ ప్రయాణికుడికి ఆస్ట్రియాలో గుండె నొప్పి వచ్చిందనుకుందాం. ఆస్ట్రియా సంస్థ తన చందాదారుడికి చేసినట్టే అతనికీ చేస్తుంది. తర్వాత అసలు ఖర్చు ఎంతయితే అంత పోలండ్ సంస్థకు బిల్లు పంపుతుంది. 2009 నాటి 987 నంబరు రెగ్యులేషన్ దీనికి గడువులు పెట్టింది. ఖర్చు ఖాతాలో నమోదయిన అర్ధ సంవత్సరం ముగిశాక 12 నెలల్లో బిల్లు పంపాలి. బిల్లు అందిన నెల ముగిశాక 18 నెలల్లో చెల్లించాలి. దాటితే వడ్డీ వేయవచ్చు. ఈ లెక్కలు చూడటానికి ప్రత్యేకంగా ఒక ఆడిట్ బోర్డు ఉంది. రెండు దేశాలకూ ఇష్టమైతే పరస్పరం బాకీలు వదులుకోవచ్చు కూడా. నా మూడు ప్రశ్నలకూ అక్కడ రాతపూర్వకంగా జవాబుంది. పద్దెనిమిది నెలలంటే ఎక్కువే. కానీ ఆ నిరీక్షణ రెండు సంస్థల మధ్యది. మంచం మీద ఉన్న రోగికి దానితో సంబంధం లేదు.

యూరప్‌ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఈ కార్డుకు పరిమితులున్నాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో చెల్లదు. కావాలని వైద్యం కోసమే వెళితే చెల్లదు. శవాన్నో, రోగినో స్వదేశానికి చేర్చే ఖర్చు ఇవ్వదు. కొన్ని దేశాల్లో ముందు సొంత డబ్బు కట్టి తర్వాత రాబట్టుకోవాలి. స్పెయిన్‌లో పర్యాటకులు ఎక్కువగా వచ్చే చోట్ల కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులు కార్డును పక్కనబెట్టి ప్రైవేటు ట్రావెల్ ఇన్సూరెన్స్ వివరాలు అడిగాయని ఫిర్యాదులు వచ్చాయి. 2013 మేలో యూరోపియన్ కమిషన్ స్పెయిన్ మీద చర్య మొదలుపెట్టింది. మోసం అక్కడా ఉంది. అయితే ఫిర్యాదు వినే చోటు కూడా ఉంది.

మన తెలుగు కుటుంబాలకు పనికొచ్చే సంగతి ఒకటి. ఈ కార్డుకు మూలం పౌరసత్వం కాదు, బీమా. జర్మనీలో చట్టప్రకారం నివసిస్తూ అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాకు చందా కట్టే మన ఇంజినీరుకూ ఆ కార్డు వస్తుంది. 2003లో చేసిన సవరణ వల్ల ఇతర దేశాల పౌరులకూ ఈ హక్కు విస్తరించింది, డెన్మార్క్ లాంటి మినహాయింపులు మాత్రం ఉన్నాయి. మనవణ్ణి చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులకు అది వర్తించదు. వారు షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల బీమా వేరే కొనుక్కోవాలి. ఒకే ఇంట్లో కొడుక్కి హక్కు, తండ్రికి పాలసీ. ఖాతా ఎవరిది అనే ప్రశ్నే ఇక్కడా నిర్ణయిస్తుంది.

ఉక్కు నగరంలో ఉక్కు నగరపు హద్దు

ఇప్పుడు నేనుండే జంషెడ్‌పూర్‌కి వద్దాం. ఇదీ బొగ్గు, ఉక్కు, వలస కార్మికుల కథే. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చి అనే పల్లె దగ్గర కార్ఖానా లేచింది. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ చోటికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే పుణ్యమా అని శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి మనవాళ్ళు ఖరగ్‌పూర్ మీదుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపిన వి.వి.గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు.

ఈ కంపెనీ 1912లో ఎనిమిది గంటల పనిదినం పెట్టింది. 1915లో ఉచిత వైద్యం, 1920లో ప్రావిడెంట్ ఫండ్, 1928లో ప్రసూతి సదుపాయం ఇచ్చింది. ప్రభుత్వాలు చట్టం చేయక ముందే ఇవన్నీ వచ్చాయి. మెచ్చుకోవలసిందే. కానీ ఖాతా దృష్టితో చూడండి. చెల్లించేది ఒకే కంపెనీ, వైద్యం చేసేది దాని ఆసుపత్రే. కాబట్టి ఆ హక్కు ఊరి పొలిమేర దాకానే. సెలవు పెట్టి సోంపేటో, పలాసో వెళ్ళిన కార్మికుడికి అక్కడ విషజ్వరం వస్తే ఇక్కడి ఆసుపత్రి నంబరు అక్కడెవరికి కావాలి? ఆర్.ఎం.పి. డాక్టరుకో, మంత్రగాడికో సొంత డబ్బు ఇచ్చుకోవలసిందే.

పొలిమేర దాటే తొలి ప్రయత్నం కార్మిక రాజ్య బీమా, అంటే ఇ.ఎస్.ఐ. 1944లో అదార్కర్ నివేదిక ఇచ్చాడు. 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోనూ ఢిల్లీలోనూ పథకం మొదలయింది. ఆ సంవత్సరమే గిరి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఇందులో నాకు నచ్చే అంశం దాని లెక్క. యజమానీ కార్మికుడూ ఇద్దరూ చందా కడతారు. వైద్య ఖర్చులో, ఒక పరిమితి వరకు, ఎనిమిదింట ఏడు వంతులు కార్పొరేషన్ భరిస్తుంది, ఒక వంతు రాష్ట్రం భరిస్తుంది. నిధి దేశం మొత్తానికి ఒకటే. కాబట్టి బీమా ఉన్న కార్మికుడు రాష్ట్రం మారినా అతని హక్కు చెరిగిపోదు. సేవ ఎంత నాసిగా ఉందో వేరే చర్చ. పద్దు మాత్రం స్పష్టం. లోపమల్లా ఒకటే. సంఘటిత రంగంలో, ఒక జీతం పరిమితి లోపల ఉన్నవారికే అది దక్కింది. ఇటుక బట్టీ కూలీకి, ఇళ్ళలో పనిచేసే ఆడవారికి దక్కలేదు.

ముందు కార్డు, తర్వాత లెక్క

ఆ కూలీల కోసం 2008 ఏప్రిల్ 1న రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన మొదలయింది. కుటుంబం 30 రూపాయలు కడితే అయిదుగురికి ఏడాదికి 30,000 రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు. వేలిముద్రతో స్మార్ట్ కార్డు. వలస వెళ్ళేవాడు ఒక భాగం, ఇంట్లో ఉండేవారు ఒక భాగం వాడుకునేలా కార్డును రెండుగా చేసుకునే వీలు కూడా పెట్టారు. ఆలోచన చక్కనిది. వలస కూలీని దృష్టిలో పెట్టుకున్న కార్డు మన దేశంలోనూ వచ్చిందన్నమాట. సొమ్ము మాత్రం ఒక్క పెద్ద ఆపరేషన్‌కే చాలదు.

దానికి సరిగ్గా ఏడాది ముందు, 2007 ఏప్రిల్ 1న, వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. పెద్ద జబ్బులకు పెద్ద ఆసుపత్రి అనే పద్ధతి. ఆ పెద్ద ఆసుపత్రుల్లో చాలా భాగం హైదరాబాదులో. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. రోగి ఎక్కే రైలు మారలేదు, దిగే ఆసుపత్రి మారలేదు. మధ్యలో ఒక సరిహద్దు మాత్రం వచ్చి కూర్చుంది. 2019 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో ఎంపిక చేసిన చికిత్సలకు ఆరోగ్యశ్రీని వర్తింపజేసింది. అప్పటి దాకా అయిదేళ్ళ పాటు కార్డుకు ఒక దారి, రోగానికి ఒక దారి.

కరోనా రెండో అల వచ్చినప్పుడు, 2021 మేలో, ఈ సరిహద్దు అసలు రూపం చూశాం. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదుకు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రి నుంచి ముందే అనుమతి ఉండాలన్నారు. ఆ ఉత్తర్వు మీద తెలంగాణ హైకోర్టు మే 14న స్టే ఇచ్చింది. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్య, ఊపిరాడని మనిషిని చెక్‌పోస్టు దగ్గర నిలబెట్టారు. అక్కడ ఏ కార్డు పనికొచ్చింది?

ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమాను మా జార్ఖండ్ రాజధాని రాంచీలోనే, 2018 సెప్టెంబరు 23న ప్రధాని ప్రారంభించారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు. దేశంలో ఏ రాష్ట్రంలోనైనా పథకంలో చేరిన ఆసుపత్రిలో చెల్లుతుందన్నారు. ఖర్చు చివరికి రోగి సొంత రాష్ట్రం ఖాతాలో పడాలి. చాలా రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం.

అయితే జంషెడ్‌పూర్ ఎక్కడుంది? ఒక పక్క పశ్చిమ బెంగాల్ జిల్లాలు పురూలియా, ఝార్‌గ్రామ్. ఇంకో పక్క ఒడిశా జిల్లా మయూర్‌భంజ్. జబ్బు చేస్తే అక్కడివారికి ఈ ఊరు దగ్గర. పశ్చిమ బెంగాల్ 2019 జనవరిలో ఆయుష్మాన్ నుంచి బయటికి వెళ్ళి తన స్వాస్థ్య సాథీతోనే నడిచింది. ఒడిశా తన సొంత పథకం నడుపుకుంటూ 2025 జనవరిలో గానీ ఒప్పందం చేసుకోలేదు. తెలంగాణ 2021 మేలో చేరింది. ఏళ్ళ తరబడి "దేశమంతా చెల్లే కార్డు" మా ఊరి నుంచి రెండు గంటల ప్రయాణంలో చెల్లకుండా పోయింది. కారణం వైద్యం కాదు, సాంకేతికత కాదు. ఎవరి బొమ్మ కార్డు మీద ఉండాలి, ఎవరి పేరు చెప్పాలి, ఎవరి ఖాతా నుంచి పోవాలి అనే పంచాయితీ.

ఆడిట్ చెప్పిన సంగతులు

2023 ఆగస్టులో పార్లమెంటు ముందు పెట్టిన కాగ్ నివేదిక ఈ పథకాన్ని తరచి చూసింది. 7,49,820 మంది లబ్ధిదారులకు ఒకటే ఫోను నంబరు, పది తొమ్మిదులు. ఫోను నంబరుతో అర్హత తేల్చం అని ప్రభుత్వం జవాబిచ్చింది. అది సరే. అంతకు ముందే చనిపోయినట్టు కంప్యూటరులో నమోదయిన 3,446 మందికి మళ్ళీ చికిత్స చేసినట్టు 6.97 కోట్ల రూపాయలు చెల్లించారు. చనిపోయినవారిని బతికించానని ఒక బాబా అంటే మనం సవాలు విసురుతాం. అదే పని కంప్యూటరు చేస్తే ఎందుకు ఊరుకోవాలి?

ఇంకో సంగతి గడువు. రాష్ట్రంలోపల బిల్లులు 15 రోజుల్లో, వేరే రాష్ట్రం బిల్లులు 30 రోజుల్లో తీర్చాలని పథకం నిబంధన. యూరప్ 18 నెలల కంటే ఇది ఎంతో ఘనం. కాగితం మీద. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు రాలేదని ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. సొంత రాష్ట్రం దగ్గరే బాకీ వసూలు కాని ఆసుపత్రి, వెయ్యి కిలోమీటర్ల అవతలి రాష్ట్రం కార్డును నమ్మి మంచం ఇస్తుందా? గుమస్తా "సర్వరు పనిచేయడం లేదు" అంటే దానర్థం చాలాసార్లు సర్వరు గురించి కాదు.

ఇది మన ప్రభుత్వాలకు రాని విద్య కాదు. ప్రభుత్వ ఖాతాల్లో 8793 అని ఒక పద్దు ఉంది, ఇంటర్ స్టేట్ సస్పెన్స్ అకౌంట్. ఒక రాష్ట్రం పెన్షనరు ఇంకో రాష్ట్రంలో పెన్షన్ తీసుకుంటే ఆ రాష్ట్రం ముందు చెల్లించి, ఈ పద్దులో రాసుకుని, అసలు రాష్ట్రం నుంచి రాబట్టుకుంటుంది. ప్రభుత్వాల మధ్య సర్దుబాట్లు రిజర్వ్ బ్యాంకు నాగపూర్ కార్యాలయం ద్వారా జరుగుతాయి. 2000లో బీహారు నుంచి జార్ఖండ్ విడిపోయాక పెన్షన్ భారం ఎవరిది ఎంత అని రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి తగువులాడుకున్నాయి. ఆ తగువు ప్రభుత్వాల మధ్య నడిచింది. పెన్షనరును ట్రెజరీ గుమ్మంలో నిలబెట్టి "ముందు వాళ్ళిస్తేనే నీకిస్తాం" అనే పద్ధతి పెట్టలేదు. రోగికి కూడా అంత మర్యాద ఇవ్వడానికి కొత్త శాస్త్రమేమీ కనిపెట్టనక్కర లేదు. ముందు వైద్యం చేసిన రాష్ట్రం ఆసుపత్రికి చెల్లించాలి. తర్వాత రెండు ప్రభుత్వాలూ తేల్చుకోవాలి. తేలనిదాన్ని సస్పెన్స్‌లో పెట్టి ఏటా ఆడిట్ చేయాలి. రోగిని సస్పెన్స్‌లో పెట్టకూడదు.

మనకెందుకు ఈ లెక్కలు

హేతువాదులకు బాబాలూ జ్యోతిష్కులూ చాలరా, ఈ బిల్లుల గొడవెందుకు అని కొందరు మిత్రులు అంటారు. నా జవాబు ఇది. మా రాష్ట్రంలో మంత్రగత్తె అని ముద్రవేసి ఆడవాళ్ళను హింసించడం నేటికీ ఆగలేదు. జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ లాంటి సంస్థలు పోరాడితే బీహారులో 1999లో దీనికి వ్యతిరేకంగా చట్టం వచ్చింది. జార్ఖండ్ 2001లో దాన్ని స్వీకరించింది. ఆ నేరాల వెనక ఆస్తి తగాదాలున్నాయి, పగలున్నాయి. జబ్బు చేసిన పిల్లవాడికి డాక్టరు అందకపోతే ఓఝా చెప్పిన మాట చెల్లుబాటు కావడమూ ఉంది. చట్టం ఓఝాను శిక్షించగలదు. ఖాళీగా ఉన్న డాక్టరు కుర్చీని నింపలేదు. కార్డు చెల్లని ప్రతి ఆసుపత్రి గుమ్మమూ ఓఝా ఇంటికి దారి చూపిస్తుంది. మూఢనమ్మకాన్ని తర్కంతో ఓడించడం సగం పని. మిగతా సగం, వైద్యం నిజంగా అందేలా చూడటం.

కాబట్టి ఉపన్యాసాలతో సరిపెట్టకుండా ఒక పని చేద్దాం. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మీరున్న రాష్ట్రంలో ఆరోగ్య పథకం నడిపే సంస్థకు ఒక దరఖాస్తు పెట్టండి. పోయిన ఆర్థిక సంవత్సరంలో మన రాష్ట్రం కార్డుతో బయటి రాష్ట్రాల్లో ఎంతమంది వైద్యం పొందారు? ఆ బిల్లుల్లో 30 రోజుల్లోపు తీర్చినవి ఎన్ని? మార్చి 31 నాటికి ఏ రాష్ట్రం ఆసుపత్రులకు ఎంత బాకీ ఉన్నాం? మూడే ప్రశ్నలు, ఒక పేజీ దరఖాస్తు, పది రూపాయల పోస్టల్ ఆర్డరు. వచ్చిన అంకెలు ఒక చోట చేర్చి, రాష్ట్రాల వారీగా పట్టిక వేసే పని నేను చేస్తాను. అది నాకు వచ్చిన పనే.